నీడలు చెప్పిన తేదీ

2018 జూలైలో రెండు వీడియోలు రెండు ఖండాల్లో ఫోన్ల నుంచి ఫోన్లకు పాకుతున్నాయి.

ఒకటి మన దగ్గర. ఒక వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. బైకు మీద ఇద్దరొచ్చి ఒక పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోతారు. సీసీ కెమెరాలో పడినట్టు దృశ్యం పైనుంచి కనిపిస్తుంది. ఆ ఏడాది వేసవి నుంచి దేశమంతటా తిరిగిన పిల్లలెత్తుకుపోయే ముఠాల పుకార్లకు ఇది కంటితో చూసిన సాక్ష్యంలా తోడైంది. ఆ పుకార్ల మీద మన రాష్ట్రాల్లోనూ అనుమానంతో కొత్తవాళ్ళను పట్టుకుని కొట్టారు. జూలై 13న హైదరాబాద్ నుంచి స్నేహితులతో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళిన ఒక యువ ఇంజనీరును మూక కొట్టి చంపింది. అక్కడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారన్నదే అనుమానానికి మొదలు.

రెండోది మధ్య ఆఫ్రికాలోని కామెరూన్‌ది. సైనిక దుస్తుల్లో ఉన్నవాళ్ళు ఇద్దరు స్త్రీలను మట్టిబాట వెంట నడిపించుకుపోతున్నారు. ఒకామె పక్కన ఒక చిన్నపిల్ల, మరొకామె వీపున పసిబిడ్డ. కొంత దూరం వెళ్ళాక వాళ్ళను కూర్చోబెట్టి, కళ్ళకు గంతలు కట్టి, నలుగురినీ కాల్చేశారు. వీడియో బయటికి రాగానే కామెరూన్ ప్రభుత్వ సమాచార మంత్రి ఇస్సా చిరోమా బకారీ అది తమ సైనికుల పని కాదన్నారు, నకిలీ వార్త అని కొట్టిపారేశారు.

మొదటి వీడియో అబద్ధం, దాన్ని జనం నమ్మారు. రెండోది నిజం, దాన్ని ప్రభుత్వం అబద్ధమంది. రెండింటినీ తేల్చింది పత్రికా రచయితలే. అయితే వాళ్ళు చేసిన పని ఇరవై ఏళ్ళ కిందటి విలేకరికి చూపిస్తే, ఇది వార్తలు రాసేవాళ్ళ పనా, సర్వేయర్ల పనా అని అడిగేవాడు.

అప్పటి పద్ధతి ఒకసారి గుర్తు చేసుకుందాం. మండలంలోని కంట్రిబ్యూటర్ వార్త రాసి, ఫొటోతో కలిపి కవరులో పెట్టి, ఆర్టీసీ బస్సులో పంపేవాడు. జిల్లా కేంద్రంలో ఆఫీసు కుర్రాడు బస్టాండుకెళ్ళి తెచ్చేవాడు. ఫొటో నిజమా కాదా అన్న ప్రశ్న డెస్క్‌లో అరుదుగా వచ్చేది. ఎందుకంటే ఫొటో కంటే ముందు ఫొటోగ్రాఫర్ తెలిసేవాడు. అనుమానమొస్తే ఫోను చేసి నాలుగు తిట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు బొమ్మ ముందొస్తుంది, దాని వెనక మనిషి ఉండడు. డిజిటల్ సాంకేతికత పత్రికారంగంలో తెచ్చిన మార్పుల గురించి చాలా చెబుతారు, వేగమని, వెబ్‌సైట్లని, ప్రకటనల ఆదాయం తరలిపోయిందని. అవన్నీ నిజమే. కానీ పని లోపలి స్వభావాన్ని మార్చింది మాత్రం ఈ తలకిందులే. సమాచారం సేకరించడం తేలికైంది, వచ్చిపడిన సమాచారం ఎక్కడిదో, ఎప్పటిదో, ఎవరిదో కనుక్కోవడం అసలు పనైంది.

ముందు బైకు వీడియో సంగతి. అది పాకిస్తాన్‌లోని కరాచీలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్ని హెల్ప్‌లైన్ అనే సంస్థ 2016లో తీయించిన అవగాహన చిత్రం. అసలు చిత్రంలో బైకు వాళ్ళు వెనక్కి తిరిగొచ్చి, పిల్లాణ్ణి దించి, పిల్లల భద్రత గురించి రాసిన అట్టను కెమెరా వైపు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి వదిలారు. కొన్ని సెకన్లు తీసేస్తే చాలు, హెచ్చరిక కాస్తా నేరమైపోయింది.

దీన్ని పట్టుకోవడం ఎలా? వీడియో నుంచి కొన్ని నిశ్చల చిత్రాలు విడదీసి, వాటితో ఇంటర్నెట్‌లో వెతకాలి. మాటలతో కాదు, బొమ్మతోనే బొమ్మను వెతకడం. టిన్‌ఐ అనే వెబ్‌సైట్ 2008లోనూ, గూగుల్ 2011లోనూ ఈ సౌకర్యం తెచ్చాయి. కోట్ల బొమ్మల్లో ఒకే బొమ్మను క్షణంలో ఎలా పట్టుకుంటాయో చూస్తే ముచ్చటేస్తుంది. వీటిలో అన్నిటికన్నా సరళమైన పద్ధతి ఇది. బొమ్మలోంచి రంగులు తీసేసి నలుపు తెలుపు చేస్తారు. దాన్ని అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గళ్ళంత చిన్నదిగా కుదిస్తారు. 64 గళ్ళ సగటు వెలుతురు లెక్కగడతారు. ఒక్కో గడి ఆ సగటు కంటే వెలుగ్గా ఉంటే 1, చీకటిగా ఉంటే 0. అంతే, బొమ్మ మొత్తం 64 అంకెల వరుసగా మారిపోయింది. ఇక పోల్చాల్సింది బొమ్మలను కాదు, అంకెలను. రెండు వరుసల మధ్య మూడు నాలుగు అంకెలే తేడా ఉంటే అవి ఒకే బొమ్మ అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఇందులో ఉన్న తెలివి ఏమిటంటే, బొమ్మ వాట్సాప్‌లో వందసార్లు ఫార్వర్డ్ అయి మసకబారినా, మూల ఎవరో తమ లోగో అతికించినా, సైజు తగ్గినా, ఈ వరుస పెద్దగా మారదు. అలాగని మోసం చేయలేనిదేమీ కాదు. బొమ్మను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పేస్తే ఈ లెక్క బోల్తా పడుతుంది. ఆ సంగతి నకిలీలు చేసేవాళ్ళకూ తెలుసు. అందుకే నిజ నిర్ధారణ చేసేవాళ్ళు వెతికే ముందు బొమ్మలో ఎక్కడైనా అక్షరాలు తిరగబడ్డాయా, చొక్కా గుండీలు ఏ వైపున్నాయి అని చూసుకుంటారు. నేటి సెర్చ్ ఇంజన్లు ఇంతకంటే బాగా ముదిరిన పద్ధతులు వాడతాయి, కానీ బొమ్మను అంకెలుగా మార్చి అంకెలను పోల్చడమన్న మూలసూత్రం మారలేదు.

కామెరూన్ వీడియోకు ఈ మందు పనిచేయదు. అది కొత్త వీడియో. దానికి పాత రూపమేదీ ఇంటర్నెట్‌లో లేదు. బొమ్మను బొమ్మతో పోల్చే దారి మూసుకుపోతే మిగిలింది ఒకటే, బొమ్మను భూమితో పోల్చడం.

బీబీసీ ఆఫ్రికా ఐ బృందం ఆ పనికి పూనుకుంది. మొదటి నలభై సెకన్లలో నడిచే మనుషుల వెనక దూరంగా ఒక కొండల వరుస కనిపిస్తుంది. వీడియో తీసినవాడికి ఆ కొండలతో పనిలేదు, వాటిని చూసి కూడా ఉండడు. పరిశోధకులకు మాత్రం ఆ కొండల అంచు గీతే ఆధారం. ఎక్కడ ఎత్తు పెరిగింది, ఎక్కడ నొక్కు ఉంది, పక్క శిఖరం ఎంత కిందికుంది అన్నవి వేలిముద్రలా ఆ చోటికే ప్రత్యేకం. గూగుల్ ఎర్త్‌లో ఎత్తుపల్లాల సమాచారం ఉంటుంది గనుక, ఏదైనా ఒక చోట నిలబడి చూస్తే కొండలు ఎలా కనిపిస్తాయో తెర మీద చూసుకోవచ్చు. ఉత్తర కామెరూన్ అంతా అలా జల్లెడ పట్టారు. దొరకలేదు.

ఇక్కడ కథ మలుపు తిరిగింది యంత్రం వల్ల కాదు. జూలై చివర్లో కామెరూన్‌కు చెందిన ఒకరు వాళ్ళకు ఒక మాట చేరవేశారు. జెలెవెట్ అనే ఊరి పరిసరాలు చూశారా అని. ఆ ఊరు నైజీరియా సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. అక్కడికెళ్ళి చూస్తే, అంటే ఉపగ్రహ చిత్రంలో చూస్తే, కొండల గీత అతికినట్టు సరిపోయింది. ఆ తరువాత మట్టిబాట, ఇళ్ళు, చెట్లు ఒక్కొక్కటిగా కలిశాయి. ఈ పరిశోధన గురించి చెప్పే చాలామంది ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. నాకైతే మొత్తం కథలో ఇదే ముఖ్యమైన వాక్యం అనిపిస్తుంది. ఎన్ని ఉపగ్రహాలున్నా, ఆ కొండను రోజూ చూసే మనిషి ఒకరు చెప్పేదాకా దారి తెరుచుకోలేదు.

చోటు తేలింది. ఇక ఎప్పుడు?

ఉపగ్రహ చిత్రాలు ఒక్కరోజువి కావు, ఏళ్ళ తరబడి తీసినవి వరుసగా ఉంటాయి. వీడియోలో కనిపించే ఒక కట్టడం 2014 నవంబరుకు ముందు చిత్రాల్లో లేదు. 2016 ఫిబ్రవరి నాటి చిత్రాల్లో ఆ కట్టడం గోడలు లేవు. అంటే ఘటన ఈ మధ్యలోనే జరగాలి. పైగా వాళ్ళు నడిచిన కాలిబాట అన్ని కాలాల్లోనూ కనిపించేది కాదు, జనవరికీ ఏప్రిల్‌కీ మధ్య ఎండాకాలంలోనే తేలుతుంది. మిగతా నెలల్లో పచ్చదనం కప్పేస్తుంది.

ఆ తరువాత నీడలు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం నీడ మాయమవుతుందని ఏటా పత్రికల్లో చూస్తుంటాం. సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చే రోజులవి. ఈ వార్తలో దాగిన సూత్రమే ఇక్కడ పనికొచ్చింది. ఒక చోట నిలబడ్డ మనిషి నీడకు రెండు గుణాలుంటాయి, పొడవు, దిక్కు. మనిషి ఎత్తుకూ నీడ పొడవుకూ ఉన్న నిష్పత్తి సూర్యుడు ఆకాశంలో ఎంత ఎత్తున ఉన్నాడో చెబుతుంది. ఎత్తూ నీడా సమానమైతే సూర్యుడు 45 డిగ్రీల మీదున్నట్టు. నీడ పడిన దిక్కు సూర్యుడు ఏ వైపున్నాడో చెబుతుంది. మనకు తెలియనివీ రెండే, రోజు, గంట. రెండు తెలిసిన విలువలు, రెండు తెలియనివి. పదో తరగతి లెక్క.

కానీ దిక్కు ఎలా తెలుస్తుంది? ఫోను వీడియోలో ఉత్తరం ఎటుందో రాసి ఉండదు గదా. అందుకే చోటు ముందు తేలాలి. ఉపగ్రహ చిత్రంలో ఆ బాట ఏ దిక్కుగా పోతోందో తెలిశాక, బాటకు నీడ ఎంత ఏటవాలుగా పడిందో కొలిస్తే నీడ దిక్కు వచ్చేస్తుంది.

ఈ లెక్కలో ఒక చిక్కుంది. సూర్యుడు ఉత్తరాయణంలో ఒకసారి, దక్షిణాయనంలో ఒకసారి ఒకే దారిన పోతాడు. హైదరాబాద్‌లో నీడ మాయమయ్యే రోజులు ఏడాదికి రెండు ఉండటం అందుకే. మార్చి చివరి నీడలాంటిదే సెప్టెంబరులోనూ పడుతుంది. లెక్క ఒక్కటే అయితే రెండు జవాబుల మధ్య ఆగిపోవాలి. మండుటెండల్లో మాత్రమే కనిపించే ఆ కాలిబాట సెప్టెంబరును కొట్టేస్తుంది. కట్టడం మిగతా ఏళ్ళను కొట్టేస్తుంది. బీబీసీ తేల్చిన కాలం 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య. ఏ ఒక్క ఆధారమూ తనంతట తాను తేదీ చెప్పలేదు.

ప్రభుత్వం అక్కడితో ఒప్పుకోలేదు. ఆ ప్రాంతంలో తమ సైనికులు ఎడారి రంగు దుస్తులు వేసుకుంటారని, వీడియోలో ఉన్నవి ముదురు ఆకుపచ్చవని వాదించింది. పరిశోధకులు ఫేస్‌బుక్‌కు వెళ్ళారు. సైనికులు తమ సరదాకు పెట్టుకున్న ఫొటోల్లో అదే ప్రాంతంలో అవే దుస్తులున్నాయి. చేతిలోని తుపాకుల్లో ఒకటి సెర్బియాలో తయారయ్యే జస్తావా ఎం21. ఆఫ్రికాలో ఆ ప్రాంతపు దేశాల్లో అది అరుదు, కామెరూన్ సైన్యంలో కొన్ని దళాల దగ్గర మాత్రం ఉంది. ఆగస్టులో ప్రభుత్వం మాట మార్చి ఏడుగురు సైనికులను అరెస్టు చేశామని ప్రకటించింది. సెప్టెంబరులో బీబీసీ ఈ మొత్తం పరిశోధనను బయటపెట్టింది. 2020 సెప్టెంబరులో సైనిక న్యాయస్థానం నలుగురికి పదేళ్ళ చొప్పున జైలుశిక్ష వేసింది. ఇద్దరు స్త్రీల, ఇద్దరు పసివాళ్ళ ప్రాణాలకు ఆ శిక్ష సరిపోతుందా అన్నది వేరే మాట.

ఈ తరహా పనికి దారి వేసినవాళ్ళలో ఎలియట్ హిగ్గిన్స్ ఒకరు. బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఇంట్లో కూర్చుని, అరబిక్ రాకపోయినా, సిరియా యుద్ధపు యూట్యూబ్ వీడియోల్లో కనిపించే ఆయుధాలను గుర్తుపట్టడంతో మొదలుపెట్టాడు. 2014 జూలైలో బెల్లింగ్‌క్యాట్ పెట్టాడు. అదే నెల 17న ఉక్రెయిన్ మీదుగా పోతున్న మలేసియా విమానం ఎంహెచ్17 కూలి 298 మంది చనిపోయారు. దాన్ని కూల్చిన క్షిపణి వాహనం ఏ దారిన వచ్చిందో, దారిన పోయేవాళ్ళు తీసిన ఫొటోల్లోని దుకాణాల బోర్డులు, కరెంటు స్తంభాలు, నీడలు పట్టుకుని ఆ బృందం గుర్తించింది. విమానం ఎక్కినవాళ్ళలో ఎక్కువమంది నెదర్లాండ్స్‌వాళ్ళు. అక్కడి న్యాయస్థానం 2022లో ముగ్గురిని, వాళ్ళు హాజరుకాకపోయినా, దోషులుగా తేల్చింది.

పాత పరిశోధనాత్మక వార్తకు బలం విలేకరి మాట. విశ్వసనీయ వర్గాల సమాచారం అని రాస్తే పాఠకుడు పత్రిక పరువును చూసి నమ్మాలి. కొత్త పద్ధతిలో లెక్కంతా పాఠకుడి ముందే పరుస్తారు. ఇదిగో కొండ, ఇదిగో నీడ, కావాలంటే నువ్వే కొలుచుకో. పత్రికల మీద నమ్మకం తగ్గిన కాలంలో ఇది చిన్న విషయం కాదు. మన టీవీ చర్చల్లో గంటసేపు ఇద్దరు అరుచుకోవడం కంటే, ఐదు నిమిషాలు ఒక ఫొటోను విప్పి చూపించడం ఎక్కువ వార్త అవుతుంది. చూసేవాళ్ళు ఉండరన్న మాట నేను నమ్మను.

తెలుగులో ఈ పని చేసేవాళ్ళు లేకపోలేదు. హైదరాబాద్ కేంద్రంగా ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు రోజూ ఇదే పనిలో ఉన్నాయి. వాళ్ళ బల్ల మీదికి వచ్చేవాటిలో పత్రికల పేరుతో పుట్టించిన నకిలీ క్లిప్పింగులూ ఉంటాయి. ఫలానా నాయకుడు ఫలానా మాటన్నాడని పెద్ద పత్రిక పేరు, తేదీ, హెడ్డింగుతో ఒక ముక్క వాట్సాప్‌లో వస్తుంది. దాన్ని విప్పే పద్ధతి కూడా ముచ్చటైనదే. ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి ఆ పేజీ చూడటం మొదటి పని. అది దొరకకపోతే అక్షరాలు చూడాలి. ప్రతి పెద్ద తెలుగు పత్రికకూ తనదైన అక్షరాల సొగసు ఉంటుంది. వత్తు ఎంత కిందికి దిగుతుంది, సున్నా ఎంత గుండ్రం, కాలమ్ వెడల్పు ఎంత, డేట్‌లైన్ ఎలా పెడతారు అన్నవి డెస్క్‌లో నాలుగేళ్ళు పనిచేసినవాడికి కళ్ళు మూసుకున్నా తెలుస్తాయి. నకిలీ తయారుచేసినవాడు ఫోన్లో దొరికే యూనికోడ్ ఫాంటుతో కానిచ్చేస్తాడు. హెడ్డింగు పత్రికది, లోపలి అక్షరాలు ఫోనువి.

అక్షరాలు ఒక ప్రధానిని కూడా ఇరకాటంలో పెట్టాయి. పనామాలోని న్యాయసేవల సంస్థ మొసాక్ ఫొన్సెకా నుంచి బయటికొచ్చిన కోటీ 15 లక్షల పత్రాలను దాదాపు 80 దేశాల విలేకరులు కలిసి వడపోసి, 2016 ఏప్రిల్‌లో పనామా పేపర్స్ పేరుతో ప్రచురించారు. మన దేశం నుంచి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ అందులో పాలుపంచుకుంది. వాటి ఆధారంగా పాకిస్తాన్‌లో ప్రధాని నవాజ్ షరీఫ్ కుటుంబం మీద విచారణ నడిచినప్పుడు, ఆయన కూతురు మరియం 2006 ఫిబ్రవరి తేదీతో ఒక పత్రం సమర్పించారు. అది కాలిబ్రి ఫాంటులో ఉంది. కాలిబ్రి సామాన్య వాడుకలోకి వచ్చింది 2007లో, మైక్రోసాఫ్ట్ ఆఫీసు కొత్త వెర్షన్‌తో. పత్రంలోని విషయం కాదు, దాని అక్షరాల వయసు అనుమానం రేపింది.

మన భాషలో అక్షరాల కథకు ఇంకో వైపు ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. పత్రికలు, ప్రచురణకర్తలు మాత్రం చాలాకాలం అను లాంటి పాత ఫాంట్లలోనే పేజీలు పెట్టారు. ఆ ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగు, కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజి. ఆ పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి సెర్చ్‌లో వేస్తే దిక్కుమాలిన గుర్తుల వరుస తప్ప ఏమీ రాదు. దీంతో పాత తెలుగు వార్తల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో ఉండీ లేనట్టే. ఒక నాయకుడు పదిహేనేళ్ళ కిందట ఏమన్నాడో ఇంగ్లీషు పత్రికల్లో నిమిషంలో దొరుకుతుంది. తెలుగులో లైబ్రరీకెళ్ళి బౌండు వాల్యూములు తిరగేయాలి, అవి చెదలు తినకుండా ఉంటే. కృత్రిమ మేధ గురించి సభలు పెట్టే మన సంస్థలు ఈ పాత పేజీలను యంత్రం చదవగలిగేలా మార్చే పని ముందు పెట్టుకుంటే ఎంతో మేలు.

కృత్రిమ మేధ పేరెత్తాక, 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖంతో వచ్చిన లిఫ్టు వీడియో గుర్తుకు రాక మానదు. అది నకిలీ అని తేలింది ఏ మాయ యంత్రంతోనూ కాదు. ఇంకొకామె తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న అసలు వీడియో దొరికింది. పక్కపక్కన పెడితే ఒళ్ళంతా ఒకటే, ముఖం తప్ప. ఇదీ పాత పద్ధతే, బొమ్మను బొమ్మతో పోల్చడం.

కానీ ఇప్పుడు యంత్రం మూలమే లేని వీడియోను పుట్టిస్తోంది. కత్తిరించడానికీ అతికించడానికీ వెనక అసలు ఏదీ ఉండదు, కాబట్టి వెతికితే దొరకదు. చేతికి ఆరు వేళ్ళున్నాయా అని చూసే చిట్కాలకు కాలం చెల్లింది. అయినా ఆ వీడియో ఫలానా ఊళ్ళో ఫలానా రోజు జరిగిందని చెప్పాలంటే ఆ ఊరి కొండతో, ఆ రోజు ఎండతో, ఆ చౌరస్తాలోని సైన్‌బోర్డుతో సరిపడాలి. అక్కడ యంత్రం ఇంకా తడబడుతుంది. దీని కంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. నకిలీలు ఎక్కువయ్యేకొద్దీ, నిజమైన వీడియోలో దొరికినవాడు కూడా అది ఏఐతో చేసిందని తప్పించుకునే వీలు పెరుగుతుంది. కామెరూన్ మంత్రి 2018లోనే నకిలీ అన్న మాట వాడాడు, అప్పటికింకా ఈ యంత్రాలు ఇంత ముదరలేదు కూడా.

దీనికి మందుగా బొమ్మ పుట్టినప్పుడే దానికి ఆధారపత్రం అంటించే ప్రయత్నం జరుగుతోంది. 2021లో అడోబ్, మైక్రోసాఫ్ట్, బీబీసీ తదితరులు కలిసి సీటూపీఏ అనే ప్రమాణం కోసం కూటమి కట్టారు. కెమెరా ఫొటో తీసిన క్షణంలోనే దాని సారాన్ని సంఖ్యగా మార్చి, తన దగ్గరున్న రహస్య సంకేతంతో సంతకం పెడుతుంది. తరువాత ఎవరైనా ఒక్క చుక్క మార్చినా సంతకం చెల్లదు. 2023లో లైకా సంస్థ ఈ ఏర్పాటుతో మొదటి కెమెరా తెచ్చింది. ఇప్పుడిప్పుడే కొన్ని ఖరీదైన ఫోన్లలోకీ వస్తోంది. ఆలోచన బాగుంది, కంతలూ ఉన్నాయి. కంప్యూటర్ తెర మీదున్న నకిలీ బొమ్మను ఆ కెమెరాతోనే ఫొటో తీస్తే దానికీ చెల్లే సంతకం పడుతుంది. సంతకం లేనంత మాత్రాన ఫొటో అబద్ధమనీ కాదు. అన్నిటికీ మించి, మండలాల నుంచి ఫొటోలు పంపే మన కంట్రిబ్యూటర్ల చేతిలో ఉన్నవి లైకాలు కావు. వాళ్ళకు నెల జీతాల్లేవు, అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులిచ్చే లైన్ అకౌంట్ మీద బతుకుతున్నవాళ్ళు. ఊరి కొండ ఏదో, బాట ఏదో చూడగానే చెప్పగలిగేది వాళ్ళే. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు మన పత్రికలు ముందు వాళ్ళ వైపే చూస్తాయి.

ప్రస్తుతానికి జాగ్రత్తగల డెస్కులు చవకైన పద్ధతులు పాటిస్తున్నాయి. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులోని తేదీ, సమయం, జీపీఎస్ వివరాలు రాలిపోతాయి గనుక డాక్యుమెంట్‌గా పంపమంటున్నాయి. ఆ వివరాలను కూడా మార్చవచ్చు కాబట్టి ఫోను చేసి ఎక్కడ నిలబడి తీశారు, మీ వెనక ఏముంది అని అడుగుతున్నాయి. వీలైతే అదే చోట నిలబడి వెనక్కి తిరిగి ఇంకో ఫొటో తీసి పంపమంటున్నాయి.